క్యోటో 8 ఎంఎం రీలు: స్కానింగ్, కాలనిర్ణయం, రంగులు

క్యోటోలోని టోజీ ఆలయం దగ్గర ప్రతి నెలా 21న జరిగే సంతలో కొన్న 8 ఎంఎం కొడాక్రోమ్ (కొడాక్ కంపెనీ రంగుల ఫిల్ము) రీలు స్కానింగ్ పూర్తయింది. డబ్బా మీద పేరు గానీ తేదీ గానీ లేదు. ఎవరో యాత్రికుడు తనకోసం తీసుకున్న చిత్రమిది.

అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఇలాంటి ఫిల్ము పాడైతే వెనిగర్ వాసన వస్తుంది, కుంచించుకుపోయి అంచు రంధ్రాలు ప్రొజెక్టర్ పళ్లకు కుదరవు. ఈ రీలుకు ఆ జబ్బు లేకపోయినా ప్రొజెక్టర్‌కు ఎక్కించలేదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూగు రాలని గుడ్డ మడత మధ్య నుంచి మెల్లగా లాగి, ఆరనిచ్చి, పళ్లచక్రం లేకుండా రోలర్ల మీదే ఫిల్మును నడిపే స్కానర్‌లో పెట్టాను.

ఆ రోజుల్లో 16 ఎంఎం వెడల్పున్న 25 అడుగుల ఫిల్మును ఒక పక్క తీశాక తిప్పి పెట్టి రెండో పక్క తీసేవారు. ల్యాబులో నిలువునా చీల్చి, రెండు ముక్కలనూ అతికి 50 అడుగులు చేసేవారు. తిప్పేటప్పుడు ఫిల్ము కొసకు వెలుతురు తగిలేది. అందుకే షిజో వీధిలో ట్రామ్ కెమెరా వైపు వస్తుండగా తెర నారింజ రంగుకు తిరిగి, తెల్లబడి, మరుక్షణం బంగారు మందిరం కింకాకుజి దగ్గరి కొలను కనిపిస్తుంది. చాలామంది ఈ చోటును కత్తిరిస్తారు. ఫిల్మును తిప్పి పెట్టిన చేతి గుర్తు కనుక నేను ఉంచాను.

50 అడుగులకు 4000 ఫ్రేములు. సెకనుకు 16 చొప్పున నడిపితే 4 నిమిషాల 10 సెకన్లు వస్తుంది. 24 చొప్పున నడిపితే మూడు నిమిషాలు కూడా రాదు, బాటసారులంతా పరుగు తీస్తున్నట్టుంటారు. ఫైలును 16కే మార్చాను.

కాలం తేల్చడం ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టం. ఫిల్ము తయారైన ఏడాదిని చెప్పే అంచు మీది కొడాక్ గుర్తులు 20 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి అవి 1947, 1967, 1987లలో దేనినైనా సూచించవచ్చు. అయితే చిత్రంలో స్టేషన్ ఎదుట 1964 డిసెంబరులో తెరిచిన క్యోటో టవర్ ఉంది, షిజో ట్రామ్ మార్గం 1972 జనవరిలో మూతపడింది. కనుక ఫిల్ము తయారీ 1967. చిత్రీకరణ అప్పటికీ 1972 తొలి రోజులకూ మధ్య జరిగింది.

రంగుల దగ్గర చేయి కట్టుకోవలసి వచ్చింది. కింకాకుజి బంగారం అక్కడక్కడా నల్లబారి కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌లో పసుపు పెంచాలనిపిస్తుంది. కానీ 1950లో కాలిపోయి 1955లో తిరిగి కట్టిన ఆ మందిరపు పలుచని బంగారు రేకు త్వరగానే ఊడసాగింది. నేడు పోస్టుకార్డుల మీద మెరిసేది 1987 నాటికి సుమారు ఐదు రెట్ల మందంతో తిరిగి అతికిన బంగారం. అందువల్ల మందిరాన్ని వదిలి, పక్కనున్న మేఘాల తెలుపును ఆధారంగా తీసుకుని మొత్తం చిత్రాన్ని సరిచేశాను.

గీతలు తొలగించడం ఇంకా ఉంది. సరిచేయని ఫ్రేములను టిఫ్ ఫైళ్లుగా రెండు డిస్కుల్లో దాచాను. రీలును గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో, చల్లని పొడి చోట ఉంచాను.