తొమ్మిది దాటిన వెన్న శాతం

మా ఊరి పాల కేంద్రంలో నేను మే నెల ఆఖరి పదిరోజుల బిల్లు కాగితాలు ఇస్తున్న రోజది. సాయంత్రం పూట పాలు పోయడానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయినా అత్త మాత్రం నిలబడే ఉంది. వరసకి అత్త. కొంగు ముడి విప్పి, రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట తీసి నా బల్ల మీద పెట్టింది. పాలు పోసిన ప్రతిసారీ మా టెస్టింగ్ మిషన్ నుంచి వచ్చే చిన్న చీటీలు అవి. చాలామంది వాటిని అక్కడే పారేసి పోతారు. అత్త దాచుకుంటుంది.

"అబ్బాయ్, ఏప్రిల్‌లో నా గేదె పాలకి వెన్న తొమ్మిది వచ్చింది. లీటరుకి డెబ్బై రెండు కట్టావు. ఇప్పుడు తొమ్మిది ఎనిమిది వస్తోంది, చూడు. ఇప్పుడూ డెబ్బై రెండే కట్టావు. అన్నిటికీ ఒకటే రేటయితే నేను దానికి పత్తిచెక్క పెట్టడం దేనికి?"

"కంప్యూటర్ లెక్క అత్తా, తప్పు రాదు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ప్రకాశం జిల్లాలో మాది చిన్న ఊరు. మా పాల కేంద్రంలో 118 మంది పాలు పోస్తారు. రోజుకి రెండు పూటలు, పది రోజులకొక బిల్లు. అంటే ఒక్కో బిల్లుకి 2,360 ఎంట్రీలు. మిషన్ చీటీ ఇస్తుంది కానీ దానికీ నా కంప్యూటర్‌కీ సంబంధం లేదు. కుర్రాడు రిజిస్టర్‌లో రాసినవాటిని రాత్రి భోజనం అయ్యాక నేను ఎక్సెల్‌లో కొడతాను. ఆ షీటు నేనే తయారుచేసుకున్నాను. నేను బీకాం చదివాను, కంప్యూటర్ కోర్సు ఏదీ చేయలేదు. పక్క ఊరి కేంద్రంలో చూసి కొంత, వీడియోలు చూసి కొంత నేర్చుకున్నాను. వెన్న శాతం కొడితే రేటు చార్టులో వెతికి రేటు తెచ్చిపెట్టే ఫార్ములా ఒకటుంటుంది, వీలుకప్ అంటారు. అది మొదటిసారి పనిచేసిన రాత్రి ఎంత సంతోషపడ్డానో. అంతకుముందు చేత్తో బిల్లు కట్టడానికి రెండు రాత్రులు పట్టేది.

అత్త వెళ్లిపోయాక ఆ రాత్రి ఆమె వరస తెరిచి చూశాను. వెన్న 9.8, రేటు 72.00. డెయిరీ పంపిన చార్టు కాగితంలో 9.8 ఎదురుగా 78.40 ఉంది. కంప్యూటర్‌లోని చార్టులోనూ 78.40 అనే ఉంది, అది నేను కొట్టిందే. చార్టు సరిగానే ఉంది, ఎంట్రీ సరిగానే ఉంది, రేటు మాత్రం తప్పు వచ్చింది. ఎక్కడా ఎర్రర్ లేదు. నాకు చెమటలు పట్టాయి.

మా అక్క కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. పొద్దున్నే ఫోన్ చేసి షీటు పంపాను. అరగంటలో తనే ఫోన్ చేసింది.

"మావయ్యా, నీ ఫార్ములా చార్టులో 42వ వరస దాకానే చూస్తోంది."

అప్పుడు అర్థమైంది. పాత చార్టు 5.0 నుంచి 9.0 వరకే ఉండేది, 41 వరసలు, పైన పేర్ల వరసతో కలిపి 42. ఏప్రిల్ 1 నుంచి డెయిరీ దాన్ని 10.5 దాకా పెంచింది. కొత్త రేట్లు పాతవాటి మీదే కొట్టి, కింద ఇంకో 15 వరసలు చేర్చాను. ఫార్ములాలో మాత్రం పాత హద్దే ఉండిపోయింది. నేను రాసిన తరహా వీలుకప్‌కి అడిగిన అంకె దొరక్కపోతే, దానికన్నా చిన్నవాటిలో పెద్దదాన్ని తీసుకుంటుంది. కాబట్టి 9.1 అయినా, 9.8 అయినా, 10.3 అయినా 9.0 రేటే ఇచ్చింది. అందరికన్నా చిక్కటి పాలు పోసేవాళ్లకే రెండు నెలలుగా డబ్బు తగ్గింది. ఈని చాలా నెలలై వట్టిపోయే ముందు గేదె పాలు తగ్గి వెన్న పెరుగుతుంది. అసలే పాలు తగ్గిన రోజుల్లో రేటు కూడా పోయిందన్నమాట.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ రెండు నెలలూ కేంద్రం ఖాతాలో మిగులు కొంచెం పెరిగింది. కేంద్రం బాగా నడుస్తోందనుకున్నాను. తగ్గి ఉంటే ఆ రోజే ఆరా తీసేవాణ్ని.

హద్దు మార్చేస్తే అయిపోతుంది కదా అన్నాను. వద్దంది. "ఇదొక్కటే తప్పని నీకెలా తెలుసు? ముందు షీటుకి కాపీ తీసి తేదీ పేరుతో దాచు. తర్వాత ఫార్ములా చూడకుండా, చార్టు కాగితం, క్యాలిక్యులేటర్ ముందు పెట్టుకుని కొన్ని లెక్కలు చేత్తో కట్టు. మామూలువి రెండు చాలు. మిగతావన్నీ అంచుల్లోవి కావాలి."

అంచులంటే ఏమిటో నాకు ఆ పూటే తెలిసింది. చార్టులో మొదటి అంకె 5.0. దానికి ఒక పాయింటు కింద 4.9. పాత హద్దు 9.0, దాని తర్వాత 9.1. ఆఖరిది 10.5, దానిపైన 10.6. వెన్న కొట్టడం మర్చిపోయిన ఖాళీ గడి. ఇవి కాక ఇంకోటి కూడా రాయమంది: 6.8 కొట్టబోయి చుక్క మర్చిపోతే పడే 68. అలా మొత్తం 14 లెక్కలు వేరే షీటులో రాశాను. ఒక నిలువు వరసలో నేను చేత్తో కట్టిన జవాబు, పక్క వరసలో ఫార్ములా ఇచ్చేది, మూడో వరసలో రెండూ ఒకటైతే "సరే", కాకపోతే ఎర్ర రంగులో "తప్పు".

పద్నాలుగింట్లో ఐదు ఎర్రగా వచ్చాయి.

68 సంగతి చూసి నాకు నోట మాట రాలేదు. 68 శాతం వెన్న ఉన్న పాలు లోకంలో ఎక్కడా ఉండవు. షీటు మాత్రం దాన్ని తీసుకుని తనకి కనిపించే వరసల్లో అన్నిటికన్నా పెద్ద రేటు వేసింది. అనుమానం వచ్చి పాత బిల్లులన్నీ వెతికితే చుక్క లేని ఎంట్రీలు రెండు దొరికాయి. 2,360 అంకెల మధ్య ఒక చుక్క లేకపోతే కళ్లు ఎలా పట్టుకుంటాయి?

అమ్మాయి ఫార్ములా చివర ఫాల్స్ అని చేర్పించింది. అలా చేస్తే చార్టులో ఉన్న అంకె సరిగ్గా దొరికితేనే రేటు ఇస్తుంది, లేకపోతే ఎర్రర్ చూపిస్తుంది. "తప్పు అంకె కన్నా ఎర్రర్ నయం మావయ్యా. ఎర్రర్ కంటికి కనబడుతుంది" అంది. చేర్చగానే సగం షీటు ఎర్రర్లతో నిండిపోయింది. చార్టులో 7.3 కనబడుతూనే ఉంది, ఫార్ములా మాత్రం లేదంటోంది. ఒక గంట తల పట్టుకున్నాం. చివరికి కారణం అమ్మాయికే తట్టింది. చార్టులో వెన్న అంకెలు నేను ఒక్కొక్కటీ కొట్టలేదు. పై గడికి 0.1 కలుపుకుంటూ కిందికి లాగాను. కంప్యూటర్ లోపల అంకెల్ని 0, 1 అనే రెండిటితోనే రాసి దాచుకుంటుంది. మనకి మూడో వంతు దశాంశాల్లో తెగనట్టే దానికి పదో వంతు తెగదు. కలుపుతూ పోయేకొద్దీ కనిపించనంత తేడా పోగవుతుంది. తెర మీద 7.3 అని కనిపించినా లోపల ఉన్నది సరిగ్గా 7.3 కాదు. ప్రతి గడినీ ఒక దశాంశానికి రౌండ్ చేయించాక అన్నీ దొరికాయి. పద్నాలుగూ "సరే" అయ్యాయి.

ఇంత చదువు నాకెందుకమ్మా, నేను ప్రోగ్రామర్ని కాదు కదా అన్నాను. "ఫార్ములా రాయడమంటే ప్రోగ్రాం రాయడమే మావయ్యా. మా ఆఫీసులో ఒకరు రాస్తే ఇంకొకరు పరీక్షిస్తారు. నువ్వు రాసింది 118 ఇళ్ల డబ్బు లెక్కకడుతోంది, దాన్ని ఎవరు పరీక్షిస్తున్నారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. నిజానికి పరీక్షించింది అత్త ఒక్కతే.

నేను బాగా కుంగిపోయానని గమనించి, ఇలాంటిది చాలా పెద్దవాళ్లకే జరిగిందని చెప్పింది. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు, దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని రాశారు. ఎన్నో దేశాల్లో ఖర్చులు తగ్గించాలన్నవాళ్లు దాన్ని చూపించేవారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్ల ఎక్సెల్ షీటు తెచ్చుకుని చూస్తే, సగటు కట్టే ఫార్ములా ఐదు వరసల ముందే ఆగిపోయింది. ఆస్ట్రేలియా నుంచి డెన్మార్క్ దాకా ఐదు దేశాలు లెక్కలోకే రాలేదు. మిగతా తేడాలూ కలిపి సరిచేస్తే మైనస్ 0.1 శాతం అన్న వృద్ధి 2.2 శాతం అయింది. 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు కొన్ని రోజులపాటు లెక్కకి రాలేదు. పాత రకం ఎక్సెల్ ఫైలు 65,536 వరసలకి మించి పట్టదు, మిగతావి రాలిపోయాయి. అన్నిచోట్లా నాకు జరిగిందే జరిగింది: కింది వరసలు తెగిపోయాయి, షీటు ఏమీ చెప్పలేదు. విన్నాక నాకు ధైర్యం రాలేదు, భయం ఎక్కువైంది. కానీ మర్నాటి నుంచి పని మీద పడ్డాను.

ముందు బాకీలు. ఆరు బిల్లులూ మళ్లీ కట్టాను. 9.0 దాటినవాళ్లు 17 మంది తేలారు. అత్తకి 1,384 రూపాయలు రావాలి. మిగులు కేంద్రం ఖాతాలోనే ఉంది కాబట్టి డబ్బుకి ఇబ్బంది లేదు. పాలు పోసే వేళ అందరూ ఉండగానే తప్పు నాదని చెప్పి, ఎవరికెంత రావాలో గోడకి కాగితం అంటించాను. చుక్క తప్పి ఎక్కువ పోయిన రెండిటినీ వెనక్కి అడగలేదు, ఆ డబ్బు నేను వేసుకున్నాను. ఒకరిద్దరు కోపంగానే మాట్లాడారు. వాళ్లకి ఆ హక్కు ఉంది.

తర్వాత షీటుని మొదటి నుంచి చూశాం. వెన్న గడిలో 4 నుంచి 12 మధ్య అంకె తప్ప పడకుండా ఎక్సెల్‌లోనే కట్టుబాటు పెట్టాం. చార్టుని టేబుల్‌గా మార్చాం, ఇప్పుడు కింద వరస చేరిస్తే హద్దు దానంతటదే పెరుగుతుంది. పొద్దుటి పాలు, సాయంత్రం పాలు విడివిడిగా కూడితే వచ్చే మొత్తం, మనిషివారీగా కూడితే వచ్చే మొత్తం ఒకటేనా అని చూసే గడి ఒకటి. డెయిరీ ఇచ్చిన డబ్బులోంచి రైతులకి కట్టింది తీసేస్తే రావాల్సిన కమీషనే మిగిలిందా అని చూసేది ఇంకొకటి. ఈ ఆఖరిది ముందే ఉంటే ఏప్రిల్ మొదటి బిల్లులోనే దొరికిపోయేవాణ్ని.

నాకు అన్నిటికన్నా నచ్చింది రంగుల పద్ధతి. అమెరికాలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో మార్గరెట్ బర్నెట్, గ్రెగ్ రోథర్మెల్ బృందం 1990ల చివర్లో ఇలాంటిది తయారుచేశారట, సరిగ్గా నాలాంటి వాళ్ల కోసం. ఫార్ములా ఉన్న గడి చుట్టూ మొదట ఎర్ర గీత ఉంటుంది. ఇచ్చిన జవాబు సరిగా ఉందని మనం టిక్ పెట్టేకొద్దీ ఎరుపు ఊదాలోకి, ఊదా నీలంలోకి మారుతుంది. పరీక్ష అన్న మాట తెలియకపోయినా ఇంకా ఏది చూడలేదో రంగే చెబుతుంది. నా ఎక్సెల్‌లో అది లేదు, అందుకని చేత్తో రంగులు వేసుకున్నాను. కొత్తగా రాసిన ఫార్ములా ఎర్రగా ఉంటుంది, మూడు లెక్కలతో సరిచూశాకే నీలం చేస్తాను. ఎరుపు ఒక్కటి మిగిలినా ప్రింట్ తీయను. ఇలాంటివి మామూలు ఎక్సెల్‌లోనే పెట్టి ఇవ్వాలని నా గట్టి కోరిక. ఊరూరా పాల కేంద్రాల్లో, ఎరువుల కొట్లలో, చీటీపాటల్లో నాలాగే ఎవరో ఒకరు రాత్రిపూట ఫార్ములాలు రాసుకుంటున్నారు. అందరికీ టెస్టర్ మేనకోడలు ఉండదు కదా.

అక్టోబర్‌లో రేట్లు మళ్లీ మారాయి. పాయింటుకి 82 పైసలు, చార్టు 11.0 దాకా. ఆరు శాతం పైన ఒక్కో వరసకీ పై వరసకీ తేడా సరిగ్గా 82 పైసలు ఉండాలి కాబట్టి పక్కన ఆ తేడా చూపించే నిలువు వరస ఒకటి పెట్టుకున్నాను. కొట్టడం అయ్యేసరికి రాత్రి పదిన్నర. ఆ వరసలో రెండు గడులు ఎర్రగా ఉన్నాయి. ఒకటి 91 పైసలు, దాని కిందే 73 పైసలు. మా ఆవిడని లేపి చార్టు కాగితం చదవమన్నాను. ఎనిమిది ఐదు, ఎనిమిది ఆరు... ఎనిమిది ఏడు దగ్గర 71.34 అని చదివింది. నేను 71.43 అని కొట్టాను. తొమ్మిది పైసలు. సరిచేశాక కూడా ఆఖరి వరస దాకా చదివించాను.

ఆ చార్టుతో మొదటి బిల్లు వచ్చిన రోజు తొలి కాగితం అత్తకే ఇచ్చాను. ఆవిడ అరుగు మీద కూర్చుని రబ్బరు బ్యాండు తీసి, చీటీలు ఒక్కొక్కటీ బిల్లు పక్కన పెట్టుకుని వేళ్ల మీద లెక్క చూసుకుంది. ఇరవై చీటీలు అయ్యేదాకా నేను రెండో కాగితం ఎవరికీ ఇవ్వలేదు.