ఇంట్లో ఉండమంటే ఉన్నావా?

ఊపిరితిత్తుల గురించి ఎవరైనా అడిగితే ఇప్పుడు నవ్వుతూనే చెబుతాను. ఆ మాట తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "ఇంట్లో ఉండమంటే ఉన్నావా? ఊరంతా తిరిగావు" అన్నాడు అన్నయ్య. నేను కరోనాతో ఆక్సిజన్ మీద ఉండగా, ఫోన్లో.

అన్నయ్యది సాఫ్ట్‌వేర్. 2020 మార్చి నుంచి కొండాపూర్‌లో ఇంట్లోంచే పని, ఠంచనుగా జీతం, పైగా పెట్రోలు ఖర్చు మిగులు. నేను వనస్థలిపురంలో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కల టీచర్ని. మొదట సగం జీతం ఇచ్చారు, తర్వాత అదీ లేదు. 2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పది తరగతులు తెరిచారు కదా అనుకునేలోపే మార్చి 24 నుంచి మళ్లీ మూత. బండి మీద ఇంటింటికీ కూరగాయలు వేసేవాణ్ణి. నా స్టూడెంట్ వాళ్లమ్మ బెండకాయ తుంచి చూస్తూ, "సార్, లేతవేనా?" అనేది. ఇంట్లో కూర్చుంటే జబ్బు రాకపోయేదేమో. అద్దె ఎవరు కడతారు?

ఏప్రిల్ చివర్లో జ్వరం. టెస్టు, సీటీ స్కాన్, మందులు అందరికీ తెలిసినవే. ఆ రాత్రి సంగతి వేరు. నన్ను బోర్లా పడుకోబెట్టి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్‌ని మా ఆవిడ నా వేలికి పెట్టి చూస్తోంది. 91. 89. 86. మిషన్ తప్పు చూపిస్తోందేమోనని తన వేలికి పెట్టుకుంది. 98. అప్పుడు తన మొహం చూడలేకపోయాను.

తిరిగిన చోటల్లా బెడ్ లేదన్నారు. చివరికి ఒకచోట ఉందిగానీ లక్ష అడ్వాన్స్ అన్నారు. అర్ధరాత్రి దాటాక అన్నయ్య ఫోన్లోనే పంపించేశాడు. మా వెనకే ఆటోలో ఒక పెద్దాయన, మెడ వాలిపోయి ఉంది. కొడుకు కౌంటర్ దగ్గర రుమాలు విప్పి గాజులు చూపిస్తున్నాడు. "బంగారం తీసుకోం బాబూ" అన్నారు. ఆటో వెనక్కి తిరిగింది. గాంధీ ప్రభుత్వాసుపత్రిలో చేర్చుకుని ఉంటారనే అనుకుంటాను. అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

ప్రైవేట్ ఆసుపత్రుల్లో కరోనా వైద్యానికి తెలంగాణ ప్రభుత్వం 2020లోనే రోజుకు మామూలు వార్డుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో అయితే 9,000 అని రేట్లు పెట్టింది. పీపీఈ కిట్లు, అంటే వైద్య సిబ్బంది ఒళ్లంతా కప్పుకునే రక్షణ దుస్తులు, అందులో కలపలేదు. ఆ సందులోంచే నా బిల్లు పెరిగింది. మీరైతే రోజువారీ బిల్లు అడిగి తీసుకోండి, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. నర్సులను మాత్రం ఏమీ అనను. రాత్రి డ్యూటీ అమ్మాయి ఆ కిట్ లోపల చెమటలు కక్కుతూ, "సార్, బోర్లా తిరగండి" అని లేపేది. దేవుడంటే నాకిప్పుడు ఆ గొంతే.

ఇంటికొచ్చాక ప్రైవేట్ టీచర్లకు ప్రభుత్వం 2021లో ఇచ్చిన 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం తీసుకున్నాం. వాటితోనే పొయ్యి వెలిగింది, కాదనను. కానీ ఒంట్లో బాగయ్యాక మనసు చెడింది. సైరన్ వింటే గుండె దడ. ఎవరైనా "ఎలా ఉన్నారు?" అంటే బాకీ అడుగుతున్నట్టే ఉండేది. చివరికి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీకి వెళ్లాను. ఎర్రగడ్డ అనగానే మనవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, అవసరమైతే వెళ్లండి.

అన్నయ్య భయంలో అలా అనేశాడని వదిన అంటుంది. అయి ఉండొచ్చు. ఆ లక్ష నెలనెలా కొంచెం కొంచెంగా తిరిగిస్తున్నాను. అన్నయ్య వద్దంటాడు. వదిన మాత్రం లెక్కపెట్టుకుని తీసుకుంటుంది. నాకు వదిన పద్ధతే నచ్చింది.