నాన్న ట్రంకుపెట్టెలో పది రూపాయల నోటు

మొన్న ఇల్లు సర్దుతుంటే నాన్న ట్రంకుపెట్టెలో పాత పది రూపాయల నోటు దొరికింది. సంతకం చూస్తే మన్మోహన్ సింగ్! 1982 నుంచి 85 దాకా ఆయన రిజర్వు బ్యాంకు గవర్నరు కదా, అప్పటిది.

నోటు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న గాహ్ అనే పల్లెలో పుట్టి, దేశ విభజనలో ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన పిల్లాడు. కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డు చదువులు, తర్వాత పాఠాలు చెప్పుకునే ఉద్యోగం. 1991లో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోయేంత ఉన్నప్పుడు, మన పి.వి. ఆయన్ని పిలిచి ఆర్థిక మంత్రిని చేశారు. బంగారం కుదువ పెట్టాల్సి వచ్చిన రోజులవి. ఆ టెన్షన్‌లో, మంత్రి అయిన నెల రోజులకే, జూలై 24న లైసెన్సుల రాజ్యాన్ని సడలించే బడ్జెట్ పెట్టడం మాటలా?

మా అవ్వకి ఈ గొడవలేవీ తెలియవు. ఆమెకు తెలిసింది 'కరువు పని' ఒక్కటే. ఆ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధానిగా ఆయన ప్రారంభించింది మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. "ఆ తలపాగా ఆయప్ప" అనేది అవ్వ.

రెండో విడతలో కుంభకోణాల మీద ఆయన మౌనం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అయినా 2024 డిసెంబరు 26 రాత్రి ఆయన పోయారన్న వార్త విన్నాక సరిగ్గా నిద్ర పట్టలేదు.

నోటు మళ్ళీ పెట్టెలోనే పెట్టేశాను. నాన్న దాన్నెందుకు దాచాడో అడగడానికి ఆయనా లేడు.