ఆవాల దిండు

అమ్మాయి పురుడికి డాలస్ వెళ్తూ పాత నేత చీరలతో కుట్టిన బొంత, తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పట్టుకెళ్లాను.

"అమ్మా, అవి తొట్టిలో పెట్టకు, నిద్రలోనే బిడ్డ ప్రాణం పోయే ప్రమాదముంది" అంది, ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రే. గట్టి పరుపు, దానికి బిగుతుగా తొడిగిన గుడ్డ, మధ్యలో వెల్లకిలా మనవడు. అంతే. జైల్లో ఖైదీకైనా దుప్పటిస్తారు కదే అన్నాను. అల్లుడు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు.

నా టెన్షన్ వేరు. వెల్లకిలా ఉండి పాలు కక్కితే పొలమారదూ? మేం పక్కకో, బోర్లానో వేసేవాళ్లం. పిల్లల డాక్టరమ్మనే అడిగేశాను. ఆవిడ కాగితం మీద రెండు గొట్టాలు గీసింది. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారనాళం కింద. కక్కింది పల్లానికే జారుతుంది. బోర్లా వేస్తే తారుమారు. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను, నాకెప్పుడూ తట్టలేదు!

అమెరికాలోనూ ఒకప్పుడు బోర్లానే వేసేవారట. 1992లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం వద్దంది. 1994 నుంచి దేశమంతా ప్రచారం చేస్తే, పదేళ్లలో నిద్రలో పసిపిల్లల ఈ హఠాన్మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కారణం పూర్తిగా ఇప్పటికీ తేలలేదు. బోర్లా ఉన్నా, మెత్తటి బొంతలో మొహం కూరుకుపోయినా బిడ్డ తను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. మామూలుగా అయితే కదిలి, ఏడ్చి లేస్తుంది. కొందరు పిల్లల్లో మెదడు ఆ పని చేయదని అనుకుంటున్నారు. పొగతాగే ఇంట్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. తల్లిపాలు కొంత కాపాడతాయి.

"రెండు నుంచి నాలుగు నెలల మధ్యే ఎక్కువ" అంది డాక్టరమ్మ. మా వీధిలో ఒక కోడలు గుర్తొచ్చింది. మూడో నెల పిల్ల. జ్వరం లేదు, దగ్గు లేదు. తెల్లారి చూస్తే ఒళ్లు చల్లగా ఉంది. పక్కలో వేసుకుని నలిపేసిందన్నారు. అన్నవాళ్లలో మా అత్తగారూ ఉన్నారు. నేను నోరు మెదపలేదు. ఆ అమ్మాయి మళ్లీ మా వీధి మొహం చూడలేదు.

తొట్టి తల్లి మంచం పక్కనే, అదే గదిలో. నేను మాత్రం రాత్రి రెండుసార్లు వెళ్లి పొట్ట కదులుతోందా అని చూసేదాన్ని. అమ్మాయికి తెలుసు, ఏమీ అనేది కాదు.

ఐదో నెలలో వాడు బోర్లా పడ్డాడు. నిద్రలో తిరిగితే ఎలా అంటే, రెండు వైపులా తిరగడం వచ్చాక వదిలేయొచ్చు, పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలానే అంది డాక్టరమ్మ. బోర్లా పడితే బొబ్బట్లు కదా, శనగపప్పు నానబోశాను. ఆ మధ్యాహ్నమే దిండు కుట్లు విప్పి ఆవాలు పోపులపెట్టెలో పోసేశాను.