ఒకే టీకా, ఇద్దరు పొరుగువారు: భూటాన్, నేపాల్ అనుభవాలు

భారతదేశం 2021 జనవరి 20న పొరుగు దేశాలకు కరోనా టీకాలు పంపడం మొదలుపెట్టినప్పుడు, మాల్దీవులతో పాటు అందరికంటే ముందు వాటిని అందుకున్న దేశం భూటాన్. పుణెలో తయారైన 1.5 లక్షల కోవిషీల్డ్ డోసులు చేతికి వచ్చినా అక్కడి ప్రభుత్వం వెంటనే వాడలేదు. అర్హులైన పెద్దలందరికీ ఒకే విడతలో వేయాలని, మంచిది కాదని ధార్మిక పెద్దలు చెప్పిన రోజులు గడిచేదాకా ఆగాలని నిర్ణయించింది. మార్చిలో మరో 4 లక్షల డోసులు చేరాక, 27వ తేదీన, అక్కడి పంచాంగం ప్రకారం వానర సంవత్సరంలో పుట్టిన ఒక మహిళకు అదే సంవత్సరంలో పుట్టిన ఆరోగ్య కార్యకర్త చేత మొదటి టీకా వేయించారు. రెండు వారాలు తిరిగేసరికి అర్హులైన పెద్దల్లో 90 శాతానికి పైగా తొలి డోసు వేయించుకున్నారు. మారుమూల కొండ ఊళ్లకు టీకాలు హెలికాప్టర్లలో వెళ్లాయి. అవి దిగలేని చోటికి సిబ్బంది మంచులో నడిచి మోసుకెళ్లారు.

ముహూర్తం సంగతే వార్తల్లో ఎక్కువగా వినిపించింది కానీ, నన్ను ఆకట్టుకున్నది దానికి ముందు ఏడాది పాటు జరిగిన పని. 2020 మార్చి మొదటి వారంలో ఒక అమెరికన్ పర్యాటకుడిలో తొలి కేసు బయటపడగా, అదే నెల 23న సరిహద్దులు మూసివేశారు. చాలా దేశాలు 14 రోజుల క్వారంటైన్‌తో సరిపెట్టుకుంటుండగా భూటాన్ 21 రోజులు పాటించింది. సరిహద్దుకు ఇవతల, మన జైగావ్‌లో అద్దె ఇళ్లలో ఉంటున్న తన పౌరులను వెనక్కి పిలిపించి, వారికి తాత్కాలిక వసతి కట్టించింది. అప్పటి ప్రధాని లోటే షెరింగ్ స్వయంగా వైద్యుడు కావడం కలిసివచ్చింది. సరిహద్దు కాపలాను చూసేందుకు భూటాన్ రాజు పదేపదే దేశ దక్షిణ ప్రాంతానికి వెళ్లడం ప్రజల్లో నమ్మకం పెంచింది.

నేపాల్‌కు అలాంటి వెసులుబాటు లేదు. భారత్‌తో దానికున్న 1,700 కిలోమీటర్లకు పైబడిన సరిహద్దు తెరిచే ఉంటుంది; మన నగరాల్లో కూలి పనులు, కాపలా పనులు చేసుకునే నేపాలీలు లక్షల్లో ఉన్నారు. 2020 మార్చి చివర రెండు దేశాలూ దాదాపు ఒకేసారి లాక్‌డౌన్ విధించడంతో, ఇంటికి బయలుదేరిన కూలీలు ధార్చులా దగ్గర మహాకాళి వంతెన ఇవతలే చిక్కుకుపోయారు. సొంత ఊరి నేల కంటికి కనిపిస్తున్నా వంతెన దాటే వీలు లేక, కొందరు ఆ నదిలో దూకి ఈది వెళ్లారు. వారిని ఏ దేశం ఎక్కడ ఉంచి పరీక్షించాలో ముందుగా ఎవరూ అనుకోలేదు. మరుసటి ఏడాది మే నెలలో ఆక్సిజన్ సిలిండర్లకు ఎంత కొరత వచ్చిందంటే, ఎవరెస్ట్ ఎక్కేవారు తమ ఖాళీ సిలిండర్లను కొండ మీద వదలకుండా కిందికి తెచ్చి ఇవ్వాలని అక్కడి పర్వతారోహణ సంఘం కోరాల్సి వచ్చింది.

ఆ సమయానికే మన దేశం టీకాల ఎగుమతి ఆపేసింది. నేపాల్ కొనుగోలు చేసిన 20 లక్షల డోసుల్లో సగమే చేరాయి; మొదటి డోసు వేయించుకున్న వృద్ధులు రెండో దాని కోసం నెలల తరబడి ఎదురుచూశారు. భూటాన్ మాత్రం అమెరికా నుంచి 5 లక్షల మోడెర్నా డోసులు, డెన్మార్క్ నుంచి 2.5 లక్షల ఆస్ట్రాజెనెకా డోసులు సంపాదించి, జూలై 20న మొదలుపెట్టిన రెండో విడతను సుమారు వారంలో దాదాపు పూర్తి చేసింది. ఆనాడు హైదరాబాద్‌లో, విజయవాడలో ఒక్క పడక కోసం, ఒక్క సిలిండర్ కోసం మనం ఎంతగా తిరిగామో గుర్తున్నందువల్ల, ఎగుమతి ఆపడాన్ని నేను తప్పుపట్టలేను. అయితే కొరత వస్తే పొరుగువారి వాటా ఎంత, రెండో డోసు కోసం చూసేవారికి ఏ వరుసలో ఇవ్వాలి అన్నది ముందే రాసుకుని ఉంటే, ఆ వృద్ధుల గతి వేరుగా ఉండేది.

2020 మార్చి 15న దక్షిణాసియా కూటమి సార్క్ దేశాలు వీడియో సమావేశం జరిపినప్పుడు, భారత్ కోటి డాలర్లతో అత్యవసర నిధిని ప్రతిపాదించింది. మందులు, పరికరాలు కదిలాయి కాబట్టి అది వృథా కాలేదు. కానీ ఆపద వచ్చాక పోగుచేసిన నిధి, ఆపదకు ముందు కుదుర్చుకున్న ఒప్పందానికి సాటిరాదు. ప్రపంచ స్థాయిలో 2025 మేలో మహమ్మారి ఒప్పందం ఆమోదం పొందింది. మన ఉపఖండానికి కావలసింది ఇంకా చిన్నది, ఇంకా నిర్దిష్టమైనది. ధార్చులా, జైగావ్ వంటి చోట్ల సరిహద్దుకు రెండు వైపులా క్వారంటైన్ వసతి ఎవరు నడపాలి, కూలీలకు భోజనం ఎవరు పెట్టాలి, ఆక్సిజన్ ట్యాంకర్లను ఏ కాగితం చూసి వదలాలి అన్నవి అందులో ఉండాలి. టీకాల తయారీకి హైదరాబాద్ పెద్ద కేంద్రం కాబట్టి, ఈ మాట గట్టిగా అడగవలసిన వారిలో మనమూ ఉన్నాం.