నెట్‌లో సెల్ సిగ్నలింగ్ వదిలేస్తున్నారా? ఒక్కసారి ఇది చదవండి

సీఎస్‌ఐఆర్ లైఫ్ సైన్సెస్ నెట్ పరీక్ష రాసేవాళ్లలో నాలుగో యూనిట్ (కణాలు సంకేతాలు పంపుకునే తీరు, అంటే సెల్ సిగ్నలింగ్, ఉండేది ఇందులోనే) పేరు చెబితేనే పక్కకు తప్పుకునేవాళ్లు మా అనంతపురంలో చాలామందే ఉన్నారు. వదలొద్దు. పార్ట్ సీలో 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే పావు వంతు కోత. సిగ్నలింగ్ ప్రశ్నల్లో ఎక్కువగా 'ఇది పాడైతే ఏమవుతుంది' అనే అడుగుతారు కాబట్టి బట్టీ పడితే దొరికిపోతాం.

నేను డ్రాయింగ్ షీటు మీద ఈజీఎఫ్ (కణాన్ని పెరగమనే ప్రోటీన్) సంకేతం కణం మీది రిసెప్టర్ నుంచి లోపలికి వెళ్లే పాత్‌వే మొత్తం పెన్సిల్‌తో గీసి రూమ్ గోడకు అతికించాను, రోజూ ఒక బాణం రబ్బరుతో చెరిపి, దీని కింద ఏది ఆగుతుంది, పైన ఏది మామూలుగా నడుస్తుంది అని పైకే చెప్పుకునేదాన్ని. రూమ్మేట్లు నవ్వారనుకోండి, అది వేరే సంగతి.

ఈజీఎఫ్ అతుక్కుంటే రెండు రిసెప్టర్లు జతకడతాయి, ఒకదాని తోకలోని టైరోసిన్లకు (ఒక అమైనో ఆమ్లం) ఇంకొకటి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. (ఇన్సులిన్ రిసెప్టర్ ముందే జతగా ఉంటుంది, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.) ఫాస్ఫేట్ తగిలిన ఆ టైరోసిన్‌ను జీఆర్‌బీ2 అనే ప్రోటీన్ తన ఎస్‌హెచ్2 భాగంతో పట్టుకుని, ఎస్‌హెచ్3 భాగంతో ఎస్‌ఓఎస్ అనే ఇంకో ప్రోటీన్‌ను లాక్కొస్తుంది. ఎస్‌ఓఎస్ వచ్చి రాస్ అనే స్విచ్ లాంటి ప్రోటీన్ నుంచి జీడీపీని వదిలిస్తే జీటీపీ ఎక్కి రాస్ ఆన్ అవుతుంది. తర్వాత రాఫ్, మెక్, ఎర్క్ అనే కైనేజ్‌లు (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములు) వరసగా ఆన్ అవుతాయి.

రాస్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. జీటీపీని తనంతట తాను విరగ్గొట్టి ఆఫ్ అవ్వడం దానికి చాలా నెమ్మది, గ్యాప్ ప్రోటీన్ తోడుంటేనే వేగం. రాస్‌లో 12వ స్థానంలోని గ్లైసిన్ మారిపోతే గ్యాప్ వచ్చినా పెద్దగా లాభం లేదు, రాస్ ఆన్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు ఈజీఎఫ్ రిసెప్టర్‌ను ఆపే మందు ఇస్తే? లీకు కింద పైపులో ఉంటే పైన కుళాయి కట్టేసి ఏం లాభం! అలాంటి కేరాస్ (రాస్‌లో ఒక రకం) మార్పున్న పెద్దపేగు క్యాన్సర్‌లో ఈజీఎఫ్ రిసెప్టర్‌ను ఆపే సెటుక్సిమాబ్ పనిచేయనిది అందుకే. అదే మెక్‌ను ఆపితే ఎర్క్‌కు ఫాస్ఫేట్ పడదు.

అదే రిసెప్టర్ నుంచి వెళ్లే ఇంకో దారి, పీఐ3కే దారిని వేరే రంగుతో గీయండి. పీఐ3కే తయారుచేసే పీఐపీ3ని తగ్గించేది పీటెన్, అది పోతే పీఐపీ3 పేరుకుని ఏకేటీ అనే కైనేజ్ చురుకుదనం పెరుగుతుందని నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఈజీఎఫ్ కనుక్కున్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ వచ్చింది, బాగానే ఉంది గానీ దానికి మార్కులు రావు.

వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను బ్యాండ్లుగా చూపే పరీక్ష) బొమ్మ ఇస్తే ముందు టోటల్ ఎర్క్ బ్యాండ్ చూడండి, అది అన్ని లేన్లలో సమానంగా ఉంటేనే ఫాస్ఫో ఎర్క్ (ఫాస్ఫేట్ పడిన ఎర్క్) తేడాను లెక్కలోకి తీసుకోవాలి. నాకు ఇంకా వింట్, నాచ్ అనే సిగ్నలింగ్ దారులు మిగిలాయి, ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) వైపు ఎవరైనా ఉంటే చెప్పండి, కలిసి చేద్దాం.