లాగితే రాని బోరు పైపు

చేదబావిలో బొక్కెన పడితే పాతాళగరిగె వేసి దేవేవాళ్ళు. నాలుగు కొక్కేలు, ఒక మోకు, కాస్త ఓపిక ఉంటే సరిపోయేది. ఆ అలవాటే బోరు దగ్గర కొంప ముంచుతుంది. ఆరున్నర అంగుళాల బోరంటే 165 మిల్లీమీటర్ల రంధ్రం. అందులో వి-6 పంపు (ఆరంగుళాల బోర్లకు చేసే, నీళ్ళలో మునిగే పంపు) దించాక ఒక్కో పక్క మిగిలేది సుమారు సెంటీమీటరు. నాలుగున్నర బోరులో వి-4 పంపుకైతే అదీ ఉండదు. ఆ సందులో కొక్కెం దిగితే మేకు కొట్టినట్టు బిగుస్తుంది. ఇక తీయాల్సినవి రెండవుతాయి.

బోరులో పంపో దాని పైపో ఇరుక్కుంటే, ఇరుక్కున్న తీరు ముందు తేల్చుకోవాలి. తెనాలి, దుగ్గిరాల వైపు ఒండ్రు నేలల్లో ఫిల్టరు చీలికల గుండా ఇసుక వచ్చి పంపు చుట్టూ పేరుకుంటుంది, లేదా పీవీసీ కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే గొట్టం) నొక్కుకుపోతుంది. వినుకొండ, మైలవరం వైపు రాతి బోర్లలో కేసింగ్ అడుగు నుంచో పగుళ్ళ నుంచో రాతి ముక్కలు జారి పంపు భుజం మీద కూర్చుంటాయి. ఇక కేబుల్‌ను పైపుకు సరిగా కట్టకపోతే అది ఎక్కడైనా వదులై జారి పంపు పైన చుట్టలు పడుతుంది. పైపు కిందికి దిగుతూ పైకి మాత్రం రాకపోతే పైన రాయో కేబులో అడ్డుపడినట్టు. అటూ ఇటూ కదలకపోతే ఇసుకో, నొక్కుకున్న కేసింగో.

పైపు ఇంకా చేతిలోనే ఉంటే, అంటే తెగకుండా ఉంటే, ఎంత లోతులో పట్టుకుందో పైనుంచే లెక్క కట్టవచ్చు. చైన్ పుల్లీకి వేలాడే కాటా తగిలించండి. స్టార్టరు ఫ్యూజు ముందే పీకి పెట్టుకోండి. మొదట 700 కిలోల వరకు లాగి, కేసింగ్ అంచు దగ్గర పైపు మీద చాక్‌పీసుతో గీత పెట్టండి. తర్వాత 1,700 వరకు లాగి గీత ఎంత పైకొచ్చిందో కొలవండి. మీడియం రకం అంగుళంన్నర జీఐ (జింకు పూత ఇనుప) పైపు ఒక టన్ను బరువుకు ప్రతి 100 మీటర్లకు పది మిల్లీమీటర్ల పైచిలుకు సాగుతుంది. గీత 6 మిల్లీమీటర్లు లేచిందంటే సుమారు 57 మీటర్ల వరకు పైపు స్వేచ్ఛగా ఉన్నట్టు. ఆ లోతులోనే పంపు ఉంటే ఇరుక్కుంది పంపే. పంపు 90 మీటర్లలో ఉంటే మాత్రం మధ్యలో పైపునే ఏదో పట్టింది. మొదటి లాగుడుకు కొలత తీసుకోకూడదు, అందులో వంకరలు సర్దుకోవడం కూడా కలుస్తుంది.

కాటా లేకుండా లాగేవాళ్ళకు ఇంకో లెక్క. ఆ పైపు గోడ మందం 3.2 మిల్లీమీటర్లు. అంగుళానికి 11 మరలు కోసినప్పుడు ఒకటిన్నర మిల్లీమీటర్లు పోతాయి. మర అడుగున మిగిలేది 1.7. పదేళ్ళు ఉప్పునీళ్ళలో ఉన్న పైపుకు అదీ మిగలదు. మూడు టన్నుల చైన్ పుల్లీ దాన్ని పుల్లలా విరిచేస్తుంది, గొలుసు ఎగిరి పక్కనున్నవాడి మొహం మీద పడుతుంది. పాత పైపుకు రెండు టన్నులు దాటొద్దు. 200 అడుగుల పైపు, అందులో నీళ్ళు కలిపి 300 కిలోలు తూగుతాయి, పంపు మోటారు అదనం. ఈ సొంత బరువూ ఆ రెండు టన్నుల్లోనే.

రాయి అడ్డుపడితే పైకి లాగేకొద్దీ అది ఇంకా బిగుస్తుంది. ముందు రెండు మూడు అడుగులు కిందికి దించి, పైపు రెంచీతో మర బిగిసే వైపు మెల్లగా తిప్పి, మళ్ళీ తేలిగ్గా ఎత్తాలి. ఇలా చాలాసార్లు చేయాలి. ఎడమవైపు తిప్పితే సాకెట్ (రెండు పైపులను కలిపే మర గొట్టం) ఊడి పంపు కిందే ఉండిపోతుంది. ఇసుక పట్టిన చోట పక్కన సన్నని పైపు దించి కంప్రెసర్ గాలితో ఇసుకను పైకి ఊదించాలి. లాగి పెట్టిన బరువు కదపకుండా ఒక రాత్రి అలా వదిలేయడమూ పనిచేస్తుంది. దీనికి ఎవరూ డబ్బివ్వరు కాబట్టి ఎవరూ చెప్పరు.

పైపు తెగాక మొదటి ప్రశ్న: బోరులో పైకి చూస్తున్న కొస ఏమిటి? సాకెట్టా, మరా, చీలిన పైపా? పైకి వచ్చిన పైపుల లెక్క రాసుకుని, ఆఖరి ముక్క కొసను జాగ్రత్తగా చూడండి. సగం జవాబు అక్కడే ఉంటుంది. నీళ్ళు తేరుకుంటే కెమెరా దించవచ్చు, బురదనీళ్ళలో అది దండగ. పాత పద్ధతి అచ్చు తీయడం. బోరుకంటే కాస్త సన్నగా చెక్క దిమ్మె చేయించి, అడుగున సగం దిగేలా మేకులు కొట్టి, వాటి మీద బట్టల సబ్బు ముద్ద మెత్తగా చేసి అద్దాలి. తిప్పకుండా దించి, ఒక్కసారి ఆనించి పైకి తీయాలి. సబ్బు మీద పడ్డ గుండ్రం పూర్తిగా ఉందా, సగమే ఉందా, ఏ పక్కకు ఉందో చూస్తే కొస గోడకు వాలిందో లేదో తెలుస్తుంది. అంగుళంన్నర పైపు ఆరున్నర బోరులో నిటారుగా నిలబడదు, దాదాపు ఎప్పుడూ వాలే ఉంటుంది. అందుకే దాన్ని పట్టడానికి దించే ఏ సామానుకైనా కింద గంట మూతిలాంటి గైడు కావాలి. పీవీసీ కేసింగ్ ఉన్న బోరులో ఆ మూతి అంచు నున్నగా అరగదీయాలి, లేకపోతే కేసింగ్‌నే కోసుకుంటూ దిగుతుంది.

పైపు మీద కేబుల్, నైలాన్ తాడు పడి ఉంటే ముందు వాటిని తీయాలి. దీనికి ముళ్ళ కడ్డీ వాడతారు. కడ్డీకి పైకి వంగిన ముళ్ళు, వాటి పైన బోరుకు సరిపడే గుండ్రటి పళ్ళెం ఉంటాయి. పళ్ళెం లేని కడ్డీ దించొద్దు. తాడు దాని పైకెక్కి చుట్టుకుంటే కడ్డీయే రాదు.

సాకెట్ పైకి ఉంటే అదృష్టం. మంచి మర ఉన్న కొత్త పైపు దించి బిగించినా వస్తుంది, మర చెడితే టేపర్ ట్యాప్, అంటే లోపలి గోడలో మరలు కోసుకుంటూ పట్టుకునే, కొస సన్నని కడ్డీ. విజయవాడ ఆటోనగర్ లేతు షాపుల్లో ఈఎన్-24 అనే గట్టి ఉక్కు కడ్డీతో చేయించుకోవచ్చు. అంగుళంన్నర పైపుకు కొస 32, పైన 50 మిల్లీమీటర్లు, పొడవు 290 దాకా, అంటే 16కు 1 వాలు. మరలు కోశాక గట్టిపరచాలి, తురుము పోవడానికి నిలువు గాడులు ఉండాలి. గట్టిపరచకపోతే పైపును కోయాల్సిన మరలే అరిగిపోతాయి. దించేటప్పుడు 50 కిలోలకు మించి బరువు ఆనించకుండా చేత్తో తిప్పాలి. పట్టు దొరికితే రెంచి బరువెక్కుతుంది, వదిలితే వెనక్కి తన్నుతుంది. ఆపైన మూడు నాలుగు చుట్లు చాలు. ఆశపడి తిప్పితే తుప్పు పైపు పువ్వులా విచ్చుకుంటుంది, ఇక లోపలి పట్టు దొరకదు.

అలా విచ్చుకోకుండా నిఖార్సుగా ఉన్న కొసను బయటి నుంచి పట్టడానికి డై కాలర్. లోపల వాలుగా మరలు కోసిన గొట్టం, మూతి 56, లోపల చివర 42.

ఈ రెండిటికీ ఒక లోపం ఉంది. పట్టాక పైపు రాకపోతే విడిపించడం కష్టం. రాజమండ్రి వైపు ఓఎన్‌జీసీ రిగ్గుల మీద వాడే ఓవర్‌షాట్‌కు (కొసను బయటి నుంచి పట్టే గొట్టం) ఆ బాధ లేదు. కుడివైపు తిప్పుతూ దించితే పట్టుకుంటుంది. విడవాలంటే ఒక్క పోటు కిందికి పొడిచి, కుడివైపే తిప్పుతూ మెల్లగా ఎత్తాలి. మన స్థానిక సామానులో ఆ సౌకర్యం లేనప్పుడు ట్యాప్ పైన ఎడమ మర జాయింటు ఒకటి పెట్టించడం మంచిదని కొందరు అంటారు. నేనైతే వద్దంటాను. పట్టించడానికి కుడివైపు తిప్పినప్పుడే అది ఊడుతుంది. దానికి బదులు అక్కడ కావాలని బలహీనంగా చేసిన పిన్ను జాయింటు ఉంచితే, తెగినా ఎక్కడ తెగిందో తెలుస్తుంది.

యూపీవీసీ కాలమ్ పైపుకు (పంపును వేలాడదీసే ప్లాస్టిక్ పైపు) ట్యాప్ వాడితే నిలువునా చీలుతుంది. దానికి రెక్కల గొట్టం సరైనది. లోపల బందుల మీద ఆడే మూడు రెక్కలు పైపులను కలిపే కప్లర్ మీదుగా దిగేటప్పుడు పైకి లేచి, దాని కింద మూసుకుంటాయి. జీఐ పైపుకూ ఇది పనికొస్తుంది, సాకెట్ పైపుకంటే చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఉబ్బుగా ఉంటుంది కాబట్టి.

దించే ప్రతి సామాను బయటి కొలత, పొడవు, మూతి కొలత కాగితం మీద రాసి పెట్టుకోవాలి. అది లోపల పోతే రేపు దాన్ని పట్టడానికి కావాల్సింది ఆ కాగితమే. ఒక్కో ప్రయత్నం తర్వాత కొస లోతు మళ్ళీ కొలవండి. పాత లోతే ఉండి అచ్చులో గుండ్రం చెదిరిపోతూ ఉంటే సామాను మార్చాలి, బలం కాదు. అన్నీ అయ్యాక కూడా రాకపోతే, బోరు వదిలేయాలనుకుంటే, మూత పెట్టి ఊరుకోవద్దు. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్ళతో నేల మట్టం దాకా పూడ్చాలి. మోటారు లోపలే ఉన్నా సరే.